ఉపవాసమూ పరగడుపూ

ల్యాబ్‌లో చేరకముందు నేను శుభలేఖలు చేసేదాన్ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో చిన్న డీటీపీ షాపు. శుభలేఖల గురించి నాకు తెలిసిన సంగతి ఒకటే: వాటిని ఎవరూ మొత్తం చదవరు. ముహూర్తం ఎప్పుడు, భోజనాలు ఎన్నింటికి, మండపం ఎక్కడ, ఇంతే. చుట్టాలైతే తమ పేరు పడిందో లేదో చూసుకుంటారు. పడకపోతే పెళ్ళికి వచ్చి మరీ ముఖం ముడుచుకుని కూర్చుంటారు. కాబట్టి ఏది పెద్దగా కనపడాలో, ఏది కనపడకపోయినా కొంప మునగదో తేల్చడమే నా పని. జనం శుభలేఖలు ఫోన్లలో పంపుకోవడం మొదలుపెట్టాక షాపు మూతపడింది. అదే సందులో ఉన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు ప్రింటు తీసి ఇచ్చే ఉద్యోగానికి కుదిరాను.

ఆ రిపోర్టులు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అంతా ఇంగ్లీషు. అంకె ఒక మూల, అది ఎంతలోపు ఉండాలో ఇంకో మూల, మధ్యలో ఎవరికీ అక్కర్లేని చిన్నక్షరాలు. మూడు పేజీలు కలిపి పిన్ను కొట్టి ఇచ్చేవాళ్ళం. కౌంటరు దగ్గర తీసుకున్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు తిరగేసి, "అమ్మా, ఇది మంచిదా చెడ్డదా, ఆ ఒక్క ముక్క చెప్పమ్మా" అనేవాళ్ళు. మేం చెప్పకూడదు, డాక్టరుగార్ని అడగండి అనాలి. అలా అన్న ప్రతిసారీ నా మీద నాకే చిరాకేసేది.

ఒకరోజు పామర్రు నుంచి ఒక రైతు వచ్చాడు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష చేయించుకున్నాడు. రిపోర్టులో తొమ్మిది పాయింట్ రెండు అని ఉంది. చూసుకుని సంతోషంగా నవ్వి, "మా అమ్మాయికి పదో తరగతిలో సరిగ్గా ఇన్నే వచ్చాయండి" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. మన దగ్గర కొన్నేళ్ళపాటు పదో తరగతి ఫలితాలు పదికి ఇన్ని పాయింట్లని ఇచ్చారు కదా. పదికి పది తెచ్చుకున్న పిల్లల ఫొటోలతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు, అందులో కొన్ని నేనే చేశాను. ఆ లెక్కన ఆయన ఫస్టున పాసయ్యాడు. ఆయన తప్పేముంది?

ల్యాబ్ నడిపే మేడమ్ కూడా డాక్టరే. ఆ మాట లోపలికి వినపడి బయటికొచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి, ఈ పరీక్షలో అంకె పెరిగేకొద్దీ మంచిది కాదని నెమ్మదిగా చెప్పారు. ఆయన ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రం మేడమ్ నన్ను పిలిచి, షుగర్ రిపోర్టు తెలుగులో, చూడగానే తెలిసేటట్టు చెయ్యగలరా అని అడిగారు. ఎందుకు చెయ్యలేను అన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇన్సులిన్ గొడవ నడుస్తోంది. మేముండేది కంకిపాడు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తగారు. అత్తగారికి చాలాకాలంగా షుగర్ ఉంది. విజయవాడలోనే ఒక డాక్టరుగారికి చూపిస్తాం. పొద్దుటి పూట షుగర్ ఎంతకీ దిగడం లేదని ఆయన ఒకసారి బిళ్ళలు పెంచారు, మళ్ళీ పెంచారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు, "ఈసారి పరీక్షలో కూడా ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెడదాం మామ్మగారూ" అన్నారు. ఆటో ఎక్కాక ఆవిడ, "నాకు సూది పెడితే నేను బతకను, చెబుతున్నా" అంది.

ఆవిడ భయం ఉట్టి సూది భయం కాదు. నెలకోసారి ఎవరో ఒకరిని పోగేసుకుని ఏదో ఒక గుడికి బస్సెక్కే మనిషి. బందరులో చెల్లెలింటికి వెళ్తే వారం దాకా తిరిగి రాదు. ఇన్సులిన్ అంటే ఫ్రిజ్జు ఉన్న ఇంట్లోనే ఉండాలి, వేళకి పొడుచుకోవాలి, ఒకరి చేతికింద పడాలి, ఇదీ ఆవిడ లెక్క. ఈ రోజుల్లో అదేమంత కష్టం కాదత్తయ్యా, చాలామంది వాళ్ళే వేసుకుని చక్కగా తిరుగుతున్నారు అని చెప్పాను. "నీకేం, నువ్వు ల్యాబ్ మనిషివి, వాళ్ళ తరఫునే మాట్లాడతావు" అంది.

ఇక రిపోర్టు పని. చేతిలో నిజం అంకెలుంటే గాని నాకు పని సాగదు. శుభలేఖ నమూనాలో కూడా ఉత్తుత్తి పేర్లు పెడితే ఏ పేరు ఎంత చోటు తింటుందో తెలీదు. అందుకని మా అత్తగారి రిపోర్టే ముందు పెట్టుకున్నాను. ఉద్యోగుల ఇంట్లోవాళ్ళకి మేడమ్ ఉచితంగా చేసే పరీక్షల్లో మూడు నెలల సగటు కూడా ఒకటి, కాబట్టి డాక్టరుగారు రాయకపోయినా ఆ అంకె కూడా ఉంది. కాకపోతే మూడో పేజీలో ఉంది. మూడో పేజీ దాకా తిరగేసేవాళ్ళెవరు?

నేను ఆ పేజీలన్నీ ఎత్తేసి ఒకే కాగితం చేశాను. ఒక్కో పరీక్షకి ఒక పట్టీ గీశాను. ఎడమ కొస ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కుడి కొస ఎరుపు. అంకె ఎక్కడ పడుతుందో అక్కడ ఒక చుక్క. ఎరుపు విషయంలో ఒక తంటా వచ్చింది. మనవాళ్ళకి ఎర్రక్షరాలంటే శుభం, పండగ. అందుకని ఎర్ర కొస పక్కన "ఎక్కువగా ఉంది, మంచిది కాదు" అని తెలుగులో రాసేశాను. పొద్దుటి షుగర్ పట్టీ పైన, మూడు నెలల సగటు పట్టీ దాని కింద పెట్టాను. పెట్టి చూసుకుంటే పై పట్టీలో చుక్క ఎర్ర కొస మీద ఉంది. కింది పట్టీలో ఆకుపచ్చ దాటి కాస్త పసుపులోకి వచ్చి ఆగింది.

నేనే ఏదో తప్పు గీశాననుకున్నాను. అంకెలు మళ్ళీ సరిచూశాను. పొద్దుటిది రెండు వందల నాలుగు. సగటు ఆరు పాయింట్ మూడు. గీత సరిగానే ఉంది. ఒకే మనిషి, ఒకే రోజు తీసిన రక్తం, రెండు పట్టీలూ రెండు రకాలుగా చెబుతున్నాయి. కాగితం పట్టుకెళ్ళి మేడమ్‌కి చూపించాను.

ఆవిడ కాసేపు చూసి, "మిషన్ తప్పు కాదు. రోజూ పొద్దున ఇంత ఉంటే సగటు ఇలా ఉండదు. పరీక్షకి వచ్చే రోజు మాత్రం ఏదో తిని వస్తున్నారు. కనుక్కోండి" అన్నారు.

"మా అత్తయ్యా? ఆవిడ నిష్ఠ మీకు తెలీదు మేడమ్. పరీక్షకి ఎటూ పొట్ట ఖాళీగా ఉండాలని శనివారమే పెట్టుకుంటుంది. శనివారం ఆవిడకి ఉపవాసం" అన్నాను.

"అయినా కనుక్కోండి" అన్నారు మేడమ్.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ రెండు కాయలు తీసుకున్నాను.

"అత్తయ్యా, పరీక్షకి వచ్చే రోజు పొద్దున్నే ఏమైనా తింటున్నారా?"

"శనివారం నేను తినడం నువ్వెప్పుడన్నా చూశావా?"

"కాఫీ?"

"కాఫీ కూడా ముట్టను."

"పాలు?"

"పాలు తాగుతాను. పాలు తాగితే ఉపవాసం ఎక్కడికి పోతుంది?"

"పాలొక్కటేనా?"

"రెండు పళ్ళు తింటాను. బస్సులో కళ్ళు తిరక్కుండా."

"ఏం పళ్ళు?"

"చక్కెరకేళి. మీ ఆయన తెచ్చిపెట్టినవే."

నాకు నవ్వొచ్చింది. చక్కెరకేళి, అదీ షుగర్ పరీక్షకి. నవ్వకుండా ఉండాల్సింది. ఆవిడ చేతిలో కాయ పళ్ళెంలో పడేసింది.

"ఏమిటా నవ్వు? నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచీ చేస్తున్నాను ఈ శనివారాలు. ఇప్పుడు నాది ఉపవాసం కాదంటావా?"

"ఉపవాసమే అత్తయ్యా. కానీ ల్యాబ్‌వాళ్ళ ఫాస్టింగ్ అంటే మంచినీళ్ళు తప్ప ఇంకేమీ…"

"ఆ ముక్క ముందు చెప్పాలి. ఫోన్లో ఏం పంపించారు మీవాళ్ళు? ఉపవాసంతో రావలెను అని. నాకూ చదవడం వచ్చు. పరగడుపున రమ్మంటే పరగడుపునే వచ్చేదాన్ని. ఉపవాసం అన్నారు, ఉపవాసంతో వచ్చాను."

పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం వడ్డించి, నా వైపు చూడకుండానే వెళ్ళి పడుకుంది. ఆవిడ అన్నదాంట్లో వంక పెట్టడానికి లేదు. పరగడుపు అనే మాట ఆవిడ రోజూ అంటుంది. పరగడుపున బిళ్ళ, పరగడుపున గోరువెచ్చని నీళ్ళు. మా ఆయన పొద్దున్నే బిస్కట్టు తింటుంటే, పరగడుపున ఆ గడ్డి ఏమిటిరా అంటుంది. అందరికీ తెలిసిన మాట ఇంట్లో పెట్టుకుని, మేం పాలూ పళ్ళూ ఉండే మాట పట్టుకొచ్చాం.

మర్నాడు ల్యాబ్‌లో ఆ ఫోన్ మెసేజి తీసి చూశాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళెవరో ఇంగ్లీషులోంచి తిప్పి పెట్టింది. నా కొత్త రిపోర్టులోనూ పై పట్టీ పేరు "ఉపవాస షుగర్" అనే ఉంది, వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. మా దగ్గర రక్తం తీసే అమ్మాయి వన్‌టౌన్ నుంచి వస్తుంది, ముస్లింల అమ్మాయి. ఉపవాసం అంటే మీవాళ్ళు ఏమనుకుంటారు అని అడిగాను.

"రోజా అనుకుంటారండీ. మా వీధివాళ్ళు తెల్లారకముందు కడుపునిండా సహరీ తిని, ఆనక మంచినీళ్ళు కూడా ముట్టకుండా వస్తారు. ఉపవాసమే కదమ్మా అంటారు. నీళ్ళు తాగకపోతే నరం దొరకదు, నాలుగుచోట్ల పొడవాలి నేను" అంది.

ఒకే మాటకి ఒక ఇంట్లో పాలూ పళ్ళూ, ఇంకో ఇంట్లో కడుపునిండా భోజనం. నీళ్ళు తాగాల్సినచోట నీళ్ళే మానేస్తున్నారు. ఆ మాట కొట్టేసి "పరగడుపున షుగర్" అని పెట్టాను. పరగడుపు అంటే ఇప్పటి పిల్లలకి తెలుసా అని మేడమ్ సందేహపడ్డారు. షుగర్ పరీక్షకి వచ్చేవాళ్ళు పిల్లలు కాదుగా అన్నాను. చివరికి ఇద్దరం రాజీపడి కింద ఒక వరుస చేర్చాం: "రాత్రి భోజనం చేశాక మంచినీళ్ళు తప్ప పాలు, కాఫీ, పండు ఏదీ తీసుకోకుండా." కౌంటరు దగ్గర కూడా, తిన్నారా అని కాకుండా, పాలు తాగారా, పండు తిన్నారా అని విడివిడిగా అడగాలని మేడమ్ చెప్పారు. తిన్నారా అంటే మనవాళ్ళకి అన్నమో టిఫినో గుర్తొస్తుంది గాని పాలు గుర్తుకు రావు.

ల్యాబ్‌లో అంతా బాగానే ఉంది, ఇంట్లోనే కదలిక లేదు. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. మళ్ళీ శనివారం పాలు తాగి వచ్చిందంటే మళ్ళీ రెండు వందలు వస్తాయి, ఆయన ఇన్సులిన్ రాస్తారు. అసలు అంకె మంచిగా ఉండగానే సూది పడుతుంది. వేరే రోజు పెట్టుకుందామా అత్తయ్యా అని అడిగితే, "నా శనివారం నేను మార్చను. మారిస్తే ఇన్నాళ్ళూ దొంగ ఉపవాసం చేశానని ఒప్పుకున్నట్టే" అంది. మా ఆయన్ని చెప్పమన్నాను. మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకు అని ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయాడు. తల్లి దగ్గర ఆయన శూరత్వం ఎప్పుడూ అంతే.

ఇక చేసేది లేక కొత్త రిపోర్టు కాగితం ఇంటికి తెచ్చి ఆవిడ మంచం మీద పెట్టాను. ఏమీ చెప్పలేదు. రాత్రి కళ్ళజోడు పెట్టుకుని చదవడం మాత్రం చూశాను. "అక్షరాలు బానే ఉన్నాయి" అంది, నాతో కాదు, గోడతో.

బుధవారం పొద్దున నేనింకా స్నానంలో ఉండగానే ఆవిడ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. గుడికనుకున్నాను. నేను ల్యాబ్‌కి వెళ్ళేసరికి బల్ల మీద కూర్చుని ఉంది. మొదటి బస్సుకి వచ్చేసిందట. రక్తం తీసే అమ్మాయి, "పాలు తాగారా మామ్మగారూ?" అని అడుగుతోంది.

"ఇవాళ ఉపవాసం కాదుగా, పాలెందుకు తాగుతాను? పరగడుపున వచ్చాను. నీళ్ళు తాగాను. రాసుకో" అంది మా అత్తగారు.

అంకె ఎనభై ఆరు వచ్చింది. చుక్క ఆకుపచ్చ మధ్యలో పడింది. నాకు గంతులెయ్యాలనిపించింది. ఆవిడకి ఇడ్లీ తినిపించి, మేడమ్‌తో చెప్పి, ఆ కాగితం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన రెండు పట్టీలూ చూశారు. పాత రిపోర్టు తీసి మళ్ళీ చూశారు. "అప్పుడు రెండు వందలు దాటి ఉంది కదమ్మా?" అన్నారు.

నేను చెప్పబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ రోజు పాలు తాగాను. రెండు చక్కెరకేళి పళ్ళు తిన్నాను. అది ఉపవాసమే డాక్టరుగారండీ. మీరు కావాలన్నది పరగడుపు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు."

ఆయన నవ్వలేదు. అందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. పెన్ను కింద పెట్టి, "నేనూ అడగలేదు. ఇన్సులిన్ అక్కర్లేదు మామ్మగారూ" అన్నారు. ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఎన్నికల్లో నెగ్గినవాళ్ళ చూపు.

తర్వాత ఆయన బిళ్ళల చీటీ ముందుకు లాక్కుని అడిగారు. "ఈ అంకెకి ఇన్ని బిళ్ళలు చాలా ఎక్కువ. లేని షుగర్‌కి మందు వేస్తున్నట్టు. పగలు ఎప్పుడైనా కళ్ళు తిరుగుతున్నాయా? చెమటలు, వణుకు?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఇందాకటి ధీమా ఎటు పోయిందో.

"సూది రాయనంటే చెబుతాను" అంది.

"రాయను."

"రోజూ పదకొండు దాటితే వస్తోందండీ. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. ఒకరోజు వంటింట్లో పడిపోయాను. లేచేసరికి స్టవ్ మీద గిన్నె మాడిపోయి ఉంది. షుగర్ బాగా పెరిగిపోయి అలా వస్తోందనుకున్నాను. అలా వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం మానేసేదాన్ని, తగ్గుతుందని."

డాక్టరుగారు చాలా మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పారు. అది షుగర్ పెరిగి రావడం కాదు, పడిపోయి రావడం. అలా అయినప్పుడు మానెయ్యడం కాదు, వెంటనే చక్కెరో బెల్లమో నోట్లో వేసుకుని, తర్వాత అన్నం తినాలి. తినకుండా ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. బిళ్ళలు సగానికి తగ్గించి రాశారు. ఆ మాటలే ఇప్పుడు మా రిపోర్టు అడుగున ఉంటాయి, పట్టీలకంటే పెద్ద అక్షరాల్లో.

బస్టాపులో నిలబడ్డాక గాని నాకు ఆ దృశ్యం కళ్ళకి కట్టలేదు. మేమిద్దరం ఉద్యోగాలకి పోయాక, తలుపు దగ్గరగా వేసుకుని, ఆవిడ వంటింట్లో నేల మీద ఒక్కతే కూర్చుని ఉండేది. చెయ్యి చాస్తే అందే దూరంలో చక్కెర డబ్బా. ఒక్క చెంచా తింటే తేరుకునే మనిషి, తినకుండా ఓర్చుకుంటూ ఉండేది. ఏదో ఒక రోజు నేను సాయంత్రం వెళ్ళేసరికి ఆవిడ లేవకుండా ఉండేదేమో. నేనేమో ఆవిడ చిక్కిపోతుంటే పథ్యం బాగా చేస్తోందని మెచ్చుకున్నాను.

"పడిపోయిన సంగతి నాకైనా చెప్పొచ్చుగా అత్తయ్యా" అన్నాను.

"నీకు చెబితే డాక్టరుకి చెబుతావు. ఆయన సూది రాస్తాడు" అంది.

నిజమే, చెప్పేదాన్ని. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మా ఇద్దరికీ అలాంటి అలవాట్లు లేవు. ఆవిడ విడిపించుకోలేదు. కంకిపాడు బస్సు వచ్చింది, ఎక్కబోతూ ఆగింది.

"ఏదైనా తిని వెళ్దాం అమ్మాయ్" అంది. "ఆకలేస్తోంది. చాలా రోజుల్నుంచీ ఆకలేస్తోంది."